టీబీ పటం కింద కూర్చున్న పిల్ల

మా హాస్టల్ల పిల్లలను నేను పేరు పెట్టి పిలువ. పిలిస్తె ఒక్క పేరుకు నలుగురు పలుకుతరు. అందుకే జిల్లా పెట్టి పిలుస్త. ఏయ్ పాలమూరూ, నల్లా బంద్ చెయ్యి. ఏయ్ కరీంనగర్, ఫ్యాన్ ఎవలి కోసం తిరుగుతుంది? అశోక్ నగర్ల సర్కారు కొలువులకు చదివే ఆడపిల్లల హాస్టల్ నాది. పిల్లలొస్తరు, పరీక్ష రాస్తరు, పోతరు, మల్ల నోటిఫికేషన్ పడంగనే అదే బ్యాగు పట్టుకొని అదే మంచం అడుగుతరు. నాకు నోరు జర పెద్దది. పిల్లలు నా ఎనుక నన్ను మైకు అంటరని నాకెరుకే. అననియ్యి, మైకున్న కాడ దొంగలు రారు.

ఈ ముచ్చట పాలమూరు పిల్లది. ఆ పిల్ల మంచం నా హాస్టల్ల నిలుస్తదా పోతదా అని నేను తిండి సయించక తిరిగిన రోజులది. ఇంట్ల వాళ్లు ఇదే ఆఖరుసారి అని చెప్పి పంపిండ్రు. మెయిన్స్ పరీక్ష ముందట ఉన్నది. రాసినంక ఏదైతే అదైతది, కని రాయకముందే మంచం ఇడిసి ఊరికి పోయిందా, ఇగ మల్ల హైదరాబాద్ మొకం చూడది. ఆ సంగతి చేరిన రోజే నాకు చెప్పింది. "ఆంటీ, నేను మస్తు కష్టపడి ఒప్పిచ్చుకొని వచ్చిన, నన్ను జర మంచిగ చూసుకోవాలె" అని నవ్వుకుంట చెప్పింది. గట్ల అడిగిన పిల్ల అంతకుముందు ఎవ్వలు లేరు.

కథ గోడ కాడ షురూ అయింది. మా మెస్సు గోడ ఒకటి, పైన బాత్రూం పైపు పగిలి, చెమ్మ గొట్టి పెచ్చులు రాలుతుండె. ఎన్నిసార్లు సున్నం ఏపిచ్చినా అదే కథ. పప్పుల సున్నం పడ్తుందని పిల్లల లొల్లి. ఆ గోడను కప్పనీకె ఏమన్న పెద్ద పటాలుంటె చూడవే అని మా చెల్లెను అడిగిన. మా చెల్లె చిక్కడపల్లిల ఉంటది, ఒక పెద్ద ల్యాబుల కొలువు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అని గది నిండ ఉండే మిషన్, బడిల చూపెట్టే మైక్రోస్కోపుకు సరిగ్గ కానరానిది గూడ అండ్ల కొండంత కనిపిస్తదంట. వాళ్ల ల్యాబు వరండాకు కొత్త రంగులేస్తుంటె పాత పటాలు తీసేసిండ్రంట. నాలుగు పటాలు ఆటోల ఏసుకొని వచ్చింది.

చూస్తె నా మనసు నిండింది, నిజం చెప్తున్న. ఒకటి ఆకుపచ్చగ, తోకలున్న చిక్కుడు గింజల లెక్క. ఒకటి పసుపు, ఒంటి నిండ సన్నని ఎంటికలు. ఒకటి బంగారు రంగు ద్రాక్ష గుత్తి. ఒకటి గులాబి రంగు, సేమ్యాలు తుంచి పోసినట్టు. "ఏం పూలే ఇవి?" అన్న.

"పూలు కాదక్కా. ఇది కలరా. ఇది టైఫాయిడ్. ఇది పుండ్లల్ల చీము పట్టిచ్చేది. ఈ గులాబిది టీబీ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! అన్నం తినే కాడ రోగాలు పెట్టమంటవా?"

"పెట్టక్కా, చేతులు కడుక్కొని తింటరు" అన్నది. ఆ మాట మాత్రం నాకు నచ్చింది. మా పిల్లలకు చేతులు కడిగిపిచ్చుడంటె ఎనుమును ఎండకాలంల చెరువుల నుంచి బయటికి తీసినంత పని.

ఆటోల తెస్తుంటె పటాల అద్దాలు పగిలినయి. నారాయణగూడల పటాలు కట్టే దుకాణానికి తీస్కపోయిన. ఆయన బల్ల మీద పెట్టుకొని, "అమ్మా, దేవునివా, పోయినోళ్లవా?" అన్నడు. దేవునివైతె కింద సన్న బల్బు పెడ్తడంట, పోయినోళ్లవైతె పైన దండకు మొల కొడ్తడంట. రెండు కాదు, రోగాలవి అన్న. నేను మజాక్ చేస్తున్న అనుకొని నవ్వి, నాలుగు పటాలకు దండ మొలలు కొట్టి ఇచ్చిండు. సరే, ఉంటె ఏం పోయిందని తెచ్చి గోడకు కొట్టిన.

అశోక్ నగర్ పిల్లల చేతికి మిర్చి బజ్జీల కాయితం దొరికినా అండ్ల బిట్టు ఎతుకుతరు. బిట్టు అంటె నాలుగు జవాబులిచ్చి ఒకటి టిక్కు పెట్టుమనే ప్రశ్న. వాళ్లకు లోకమంత బిట్లే. నాలుగు పటాలు గోడ ఎక్కినయో లేదో, వాళ్లకు పండుగే అయింది. చెల్లె కింద పేర్ల చిట్టీలు అంటిచ్చింది. ఇగ పొద్దున ఇడ్లీ తినుకుంట, "కలరా దేంతోని వ్యాపిస్తది? గాలి, నీళ్లు, దోమ, ఈగ?" "టీబీకి టీకా ఏంది?" "టైఫాయిడ్ ఏ అవయవానికొస్తది?" ఇదే పని. బల్లలకు గూడ అవే పేర్లు పడ్డయి. "నేను టైఫాయిడ్ కింద ఉన్న, సాంబార్ గిటు పంపుండ్రే." "కలరా కింద జాగ లేదు, పోయి చీము కింద కూసో." కొత్తగ చేరనీకె వచ్చిన ఒక పిల్ల తల్లి ఈ మాటలు ఇని, ఎనుకకు తిరిగి చూడకుంట పోయింది.

ఈ బిట్ల ఆటకు పెద్ద మన పాలమూరు పిల్లనే. ప్రశ్న అడిగేది ఆమె, జవాబు తప్పితే పాపడం గుంజుకునేది ఆమె. ఎప్పుడు టీబీ పటం కిందనే కూసుంటుండె, ఫ్యాన్ గాలి అక్కడ మంచిగొస్తదని. పక్కకే కరీంనగర్ పిల్ల. ఇద్దరివి ఒక్క రూముల పక్కపక్క మంచాలు. చాయ్ తాగినా ఇద్దరు కలిసే, ఏడ్చినా ఇద్దరు కలిసే. వాళ్లిద్దరు కలిసి రంగులకు గూడ బిట్లు కట్టిండ్రు. కలరా క్రిమి రంగు? ఆకుపచ్చ. టీబీ క్రిమి రంగు? గులాబి. నేను పప్పు వడ్డించుకుంట విన్న. నాకూ అది నిజమే అనిపించింది. కండ్ల ముందట పటం ఉన్నది గద.

వానకాలం పోయినంక ఆ పిల్లకు దగ్గు పట్టింది. లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు కోచింగ్‌కు నడిచి పోత, బండ్ల పొగకు అయ్యుంటది అన్నది. దగ్గు పోలే. పొద్దుగూకంగనే ఒళ్లు ఎచ్చగైతుండె. పాపడం గుంజుకునే పిల్ల తన పాపడం గూడ ఇడిసిపెడ్తుంది. మెడ కింద గల్లబొక్కలు తేలినయి. "దవాఖానకు పోదాం నడువే" అంటె, "పరీక్ష అయినంక పోదాం ఆంటీ" అంటది. ఒకరోజు మెట్ల మీద దగ్గుకుంట కూలబడ్డది. ఇగ నేను బిడ్డా గిడ్డా అనలే. రెక్క పట్టుకొని ఆటోల ఏసిన.

సర్కారు దవాఖానల తెమడ పరీక్ష చేసిండ్రు, ఛాతి ఫొటో తీసిండ్రు. టీబీ అన్నరు. డాక్టరమ్మ మంచిగ చెప్పింది. మందులు నెలల తరబడి వాడాలె, ఒక్క రోజు ఆపొద్దు, పూర్తిగ తగ్గుతది. మొదట కొన్నాళ్లు వేరే గదిల ఉండాలె, మొకానికి మాస్కు పెట్టుకోవాలె. మందు పని చేసినంక, నేను చూసి చెప్పినంక, అందరితోని కలువచ్చు. పక్క మంచాల పిల్లలను గూడ పరీక్షకు పంపుండ్రి అన్నది. ఇది దగ్గు గాలితోని అంటుకునేది, పళ్లాలతోని గిన్నెలతోని కాదు అని గూడ చెప్పింది.

తిరిగొస్తుంటె నారాయణగూడ చౌరస్తల ఆటో ఆగింది. ఆ పిల్ల బయటికే చూస్తుంది. చూసి చూసి, "ఆంటీ, నాకు గులాబి రంగు పడలే గద" అన్నది.

నాకు సమజ్ కాలే. "ఏం రంగు?"

"తెమడ. టీబీ అయితె గులాబి రంగు పడాలె గద. నేను రోజు చూసుకున్న. తెల్లగనే ఉండె. అందుకే ఇది టీబీ కాదు, ఉత్త దగ్గే అనుకున్న."

ఓ నా తల్లీ! రోజు పొద్దున బాత్రూంల నిలబడి, పటం రంగుతోని తన ఉమ్మిని సరి చూసుకుందా ఈ పిల్ల! చదువుకున్న పిల్ల, వందల బిట్లు నోటికొచ్చిన పిల్ల. ఆమెను దగ్గెరికి తీస్కున్న. మాస్కు ఎనుక ఏడుస్తుందని భుజాలు కదులుతుంటె తెలిసింది.

ఇంటికొచ్చి చెల్లెకు ఫోన్ గొట్టిన. అత్త మీది కోపం దుత్త మీద అంటరు గద, గట్లనే తిట్టిన. అది ఇని ఇని అన్నది, "అక్కా, ఆ మిషనుకు రంగులు ఉండయి. వచ్చేది నలుపు తెలుపే. చూడనీకె మంచిగుంటదని మేమే కంప్యూటర్ల రంగులేస్తం. ఆ గులాబి నేనేసిందే." ముక్కు చీదుకున్న సప్పుడు ఇనొచ్చింది. తెల్లారి సంది వారం వారం పండ్లు పట్టుకొని వచ్చి ఆ పిల్లను చూసి పోతుండె. దాన్ని నేనేం అంట?

డాబా మీద నా సామాను గది ఒకటుండె. పాత పరుపులు, విరిగిన కుర్చీలు తీసేసి, కిటికీలు బార్ల తెరిచి, పాలమూరు పిల్ల మంచం అక్కడ ఏసిన. కింద పిల్లలకు చెప్పక తప్పది, పరీక్షకు పంపాలె గద. "ఆంటీ, చెప్పకుండ్రి, నన్ను పంపిచ్చేస్తరు" అని ఆ పిల్ల చేతులు పట్టుకున్నది. "పంపేది నేను. నేను పంపితె గద" అన్న. మెస్సుల అందరిని కూసోపెట్టి ఉన్న మాట ఉన్నట్టు చెప్పిన.

అయ్యో, ఆ లొల్లి! ఇన్ని రోజులు ఆ పటం కింద కూసొని ఇడ్లీలు మింగినోళ్లే, బల్లల మీద నుంచి ఎగిరి దూరం జరిగిండ్రు. ఒకామె ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకున్నది, పటం కెల్లి చూసుకుంట. అందరికంటె పెద్దగ ఏడ్చింది కరీంనగర్ పిల్ల. "నేను పక్క మంచమే ఆంటీ, నాకొచ్చి ఉంటది, మా అమ్మకు ఏం చెప్పాలె" అని గోడకు తల కొట్టుకున్నది. ఆ పటం తీసేయుండ్రి అని ఇంకో నలుగురు.

నాకు రేగింది. "ఏమే, టీబీ కనిపెట్టిన ఆయన పేరు చెప్తరు. టీకా పేరు చెప్తరు. ఏ రోజు టీబీ దినమో నిద్రల లేపి అడిగినా చెప్తరు. మందు తింటె తగ్గుతదా లేదా అన్నది మీ బిట్లల్ల రాలేదా? ఆ రోగం వచ్చిన మనిషిని ఏం చెయ్యాలె అని నాలుగు జవాబులు ఎవ్వలు ఇయ్యలేదా?" అన్న. చెప్పడానికేం, చెప్పిన. అయినా మర్నాడు ఇద్దరు బ్యాగులు సర్దుకొని పోయిండ్రు.

పటం సంగతి పాలమూరు పిల్లనే అడిగిన. తీసెయ్యాల్నా? "తీయకుండ్రి ఆంటీ. తీస్తె నా గురించే తీసిండ్రు అంటరు" అన్నది. ఉంచిన. ఆ పటం కింద బల్ల మాత్రం ఖాళీగ ఉంటుండె. మిగిలినోళ్లంత కలరా కింద ఇరుక్కొని తినేటోళ్లు.

పరీక్షలల్ల రూము పిల్లలకు ఎవ్వలకు ఏం లేదని తేలింది. కరీంనగర్ పిల్లకు గూడ. అయినా ఆ పిల్ల పైకి పోలే. రోజు డాబా మెట్ల దాక పోతది, నాలుగు మెట్లు ఎక్కుతది, మల్ల దిగొస్తది. నేను చూసి చూడనట్టే ఉన్న. ఆమె తల్లి మాత్రం నాకు రోజు ఫోన్. "అక్కా, ఆ పిల్లను పంపియ్యుండ్రి, లేకుంటె మా పిల్లను తీస్కపోతం." తల్లి బాధ తల్లిది, నేను కాదన. కని ఎంతసేపు నచ్చజెప్తం? నా దిక్కు నుంచి పని కాదని తెలిసినంక, బిడ్డను చూడనీకె వచ్చినప్పుడు కూతురు ఫోన్ల నంబర్ చూసుకొని, సీద పాలమూరు పిల్ల తండ్రికే ఫోన్ గొట్టింది. మీ బిడ్డతోని అందరికి తిప్పలైతుంది, వచ్చి తీస్కపోండ్రి అని.

అప్పటికి డాక్టరమ్మ చూసి, ఇగ అందరితోని కలువచ్చు అని చెప్పి వారం గూడ దాటలే. నేను కిందికి రమ్మంటె, "పైన్నే నిమ్మళంగ చదువుకుంట ఆంటీ" అంటుండె. ఎందుకంటుందో నాకు అర్థం కాకనా?

తండ్రి ఒక మధ్యాహ్నం దిగిండు. సన్నపు మనిషి, తెల్ల అంగి, సంచిల పల్లికాయ. రాంగనే దండం పెట్టి, "అమ్మా, బిడ్డను తీస్కపోనీకె వచ్చిన" అన్నడు. బతిమాలిన. "అన్నా, పరీక్ష దగ్గెర పడ్డది. డాక్టరమ్మ గూడ ఏం భయం లేదన్నది. జర ఓపిక పట్టు. ఊరికి పోతె మందులు ఆగుతయి, చదువు ఆగుతది."

"మందులు ఆపనియ్య అమ్మా. చదువు సంగతి నాకెరుకే. కని దాన్ని ఇక్కడ ఉంచలేను. మీ మీద కోపం లేదు" అన్నడు. ఎందుకు ఉంచలేడో చెప్పలే. బిడ్డకు ఫోన్ చేసి పుస్తకాలు సర్దుకొమ్మన్నడు. కాసేపైనంక ఆ పిల్ల పెద్ద బ్యాగు ఈడ్చుకుంట, మాస్కు పెట్టుకొని, మెట్లు దిగొచ్చి మెస్సు తలుపు కాడ నిలబడ్డది. లోపలికి రాలే. పిల్లలంత అన్నం తింటున్నరు. ఎవ్వలు తల ఎత్తలే.

ఏం చెయ్యాల్నో తోచక, "ముందుగాల ఇంత తినన్నా, ఎప్పుడు బయలెల్లినవో" అన్న. ఖాళీగ ఉన్నది ఒక్కటే బల్ల. పోయి అక్కడ్నే కూసున్నడు. పైకి చూసిండు.

"ఇదేందమ్మా?"

చెప్పక తప్పలే. "అదేనన్నా. టీబీ. పెద్ద మిషన్ల చూస్తె గట్లుంటదంట."

లేచి నిలబడి పటం దగ్గెరికి పోయి చూసిండు. "ఇదా," అన్నడు, "గింత సక్కగుంటదా? మాకు అప్పుడు ఎవ్వలు చూపెట్టలే."

మా వంటామె పళ్లెం తెచ్చింది. ఆయన పళ్లెం అందుకోలే. కిటికీ దిక్కు చూస్తుండు. కిటికీల ఒక పళ్లెం, ఒక గిలాస బోర్లిచ్చి ఉన్నయి, వేరేగ. నేను ఆ రోజు దాక వాటిని పట్టిచ్చుకోలే. "అవి ఎవ్వలవి తల్లీ?" అని వంటామెను అడిగిండు. వంటామె నా దిక్కు చూసింది. తలుపు కాడి నుంచి బిడ్డనే చెప్పింది, "నావే నాయినా. నేనే పక్కకు పెట్టుమన్న. వీళ్లు భయపడ్తున్నరు."

ఆయన పోయి ఆ పళ్లెమే తెచ్చుకొని ముందట పెట్టుకున్నడు. "ఇండ్ల పెట్టు" అన్నడు.

వంటామె చేయి ఆడలే. నేనే గరిటె తీస్కొని అన్నం పెట్టిన, పప్పు పోసిన. కలుపుకొని నిమ్మళంగ తిన్నడు. తినుకుంట, ఎవ్వల దిక్కు చూడకుంట, మామూలుగ మాట్లాడినట్టే చెప్పిండు. "నాకు గూడ వచ్చిందమ్మా ఇది. బిడ్డ పుట్టకముందు. మందులు తిన్న, తగ్గింది. మల్ల రాలే. మా అన్న ఇంట్ల అప్పుడు నాకు వేరే పళ్లెం పెట్టిండ్రు. రోగం పోయి ఇన్నేండ్లయింది. ఇప్పటికీ అన్న ఇంటికి పోతె నాకు ఆ పళ్లెమే పెడ్తరు. మరిచిపోయి పెడ్తరో, గుర్తుండి పెడ్తరో నేను అడగలే. నా బిడ్డకు గట్ల కావద్దనే తీస్కపోదామని వచ్చిన. వచ్చి చూస్తె కిటికీల పళ్లెం ఉన్నది."

బిడ్డకు ఈ సంగతి ఎన్నడు చెప్పలేనట్టున్నది. ఆ పిల్ల తలుపు పట్టుకొని తండ్రి దిక్కు చూస్తనే ఉన్నది. నాకు కండ్లు మసకలైనయి. మైకు బంద్ అయింది.

ఆయన తినుడు అయింది. కడుక్కుందామని పళ్లెం పట్టుకొని లేచిండు. అప్పుడు లేచింది కరీంనగర్ పిల్ల, కలరా కింద నుంచి. ఎంగిలి చేత్తోనే వచ్చి, "గిటియ్యి బాపూ" అని పళ్లెం అందుకున్నది. నల్లా కాడికి తీస్కపోయి, అందరి పళ్లాలు కడిగే పీచుతోనే తోమింది. భయం పోలే ఆ పిల్లకు, నేను దగ్గెర్నే ఉండి చూసిన. అయినా తోమింది, కడిగింది, తుడిచింది. కడిగిన పళ్లాల కుప్ప ఒకటి ఉంటది బల్ల మీద. దాన్ని ఎత్తి, నడుమల ఈ పళ్లెం పెట్టి, పైన మిగిలినవి పెట్టింది. గిలాసను గూడ గిలాసలల్ల కలిపింది. అన్ని ఒక్క తీరు స్టీలువే, ఇగ ఏది ఎవ్వలదో మాకెవ్వలకు తెల్వది.

తలుపు కాడికి పోయి, "ఏమే, ఎన్ని దినాలాయె నువ్వు బిట్టు అడగక" అన్నది. ఇద్దరు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చిండ్రు.

తండ్రి ఆ పళ్లాల కుప్ప దిక్కే చూస్తుండు. మల్ల పల్లికాయ సంచి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకున్నడు.

"బిడ్డా, సర్దిన పుస్తకాలు తీసి పెట్టుకో. నేను పోయొస్త."